పొద్దటి ఎండ మాస్టర్

సూరత్‌లో ఎండకు కరువు లేదని చెప్పేవాళ్లందరినీ తీసుకొచ్చి బమ్రోలిలో, సంతోషి ఉండే రెండో అంతస్తులో, ఒక్క వారం కాపురం పెట్టించాలి. ఎదురుగా ఏడంతస్తుల బిల్డింగు లేచిన దగ్గర్నుంచి ఆమె బాల్కనీకి ఎండ పెద్ద ఆఫీసరులా వస్తోంది. ఎనిమిదీ పదికి వస్తుంది. ఎనిమిదీ నలభైకి పని ఉన్నట్టు వెళ్లిపోతుంది. మబ్బు పడితే ఆ రోజు సెలవు. వానాకాలంలో మూడు నెలలు బదిలీ మీద వెళ్లినట్టు అసలు కనపడదు.

ఆ అరగంటలోనే ఐదుగురి బట్టలు ఆరాలి. అత్తగారు వెంకటవ్వ మోకాళ్లకు వేడి తగలాలి. పురుగుపట్టిన కందిపప్పు తేరుకోవాలి. ఇవన్నీ వరసలో నిలబడి ఉండగానే, వీటన్నిటినీ పక్కకు నెట్టి, భర్త పరుశురాం చిందీలకు ఎండ కావాలి.

చిందీలంటే గుడ్డముక్కలు. పరుశురాం పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లులో కలర్ మాస్టర్. వ్యాపారి ఒక ముక్క ఇచ్చి, "ఇదే రంగు కావాలి, వేల మీటర్లు" అంటాడు. మిల్లులో నాలుగైదు రకాలుగా రంగు కలిపి నాలుగైదు ముక్కలు అద్ది తీస్తారు. వాటిలో వ్యాపారి ముక్కకు అచ్చంగా సరిపోయేది ఏదో కంటితో చూసి తేల్చడం మాస్టరు పని. మిగతా మాస్టర్లు మిల్లులోనే ఒక లైటు పెట్టె కింద పెట్టి తేల్చేస్తారు. పరుశురాం మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. "మిల్లు లైటు అబద్ధం చెప్తది. అసలు రంగు పొద్దటి ఎండల్నే తెలుస్తది" అని అతని సిద్ధాంతం. వినడానికి ఇది ఎంత బాగుందంటే మిల్లు యజమాని శేఠ్ కూడా నమ్మాడు. కొత్తగా చేరినవాళ్లకు పరుశురాంను చూపించి, "పొద్దటి ఎండ మాస్టర్" అని పరిచయం చేస్తాడట. ఆ మాట చెప్పుకున్న రోజు పరుశురాం రెండు రొట్టెలు ఎక్కువ తింటాడు.

ఇంట్లో జరిగేది వేరు. పరుశురాం బాల్కనీ గోడ మీద ముక్కలు వరసగా పరుస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, స్కూలు ఇన్‌స్పెక్టరులా నిలబడి పిలుస్తాడు.

"ఏమే, జర ఇటురా. చూద్దాం, నీకేమన్న పట్టువడ్డదో లేదో. గిండ్ల ఏది దగ్గరున్నది?"

సంతోషి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వస్తుంది. "మూడోది. రెండోదాంట్ల జర పసుపెక్కువైంది. నాలుగోది ఎండిన నెత్తురు లెక్క నల్లవడ్డది."

"హూఁ" అంటాడు. అంతే. ఒప్పో తప్పో చెప్పడు. మూడో ముక్క వెనక ఉన్న నంబరు చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్లిపోతాడు.

పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్ల నుంచీ రోజూ ఇదే పరీక్ష. కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు కూడా సూరత్ నుంచి వచ్చే బస్సులో చిందీల పొట్లాలు వచ్చేవి. ఇంతకాలం చదివీ ఒక్క మార్కు కూడా తెలియని విద్యార్థిని ఆ జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. మొదట్లో "నేను చెప్పింది కరెక్టేనా?" అని అడిగేది. "ఇంక మస్తు నేర్చుకోవాలె" అనేవాడు. ఆ తర్వాత అడగడం మానేసింది. తన కన్ను మందమని, మొగుడు ఓపికమంతుడని, పనికిరాని పెళ్లానికి పనికొచ్చే విద్య నేర్పుతున్నాడని అనుకుంది. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే పరిగెత్తి వచ్చి గులాబీకీ దానిమ్మకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా చెప్పి, మళ్లీ పరిగెత్తి వెళ్లి పప్పు దించి, ఆలస్యమైందని అత్తగారితో మాటలు పడేది. ఇది పని అని ఆమెకు ఏ రోజూ తట్టలేదు.

ఇక ఆ ఇంట్లో వంశపారంపర్యం ఎలా నడిచేదో చెప్పాలి. మంచివన్నీ వెంకటవ్వ తరపు నుంచి వచ్చేవి. చెడ్డవన్నీ సంతోషి పుట్టింటి నుంచి బస్సులో దిగేవి. కొడుకు ఉదయ్‌కిరణ్ పొడుగు నాయనమ్మ వంశం, వాడి బద్ధకం మేనమామ వంశం. కూతురు వర్షిణి కోటేరు ముక్కు నాయనమ్మది, ఆ ముక్కు మీది కోపం అమ్మమ్మది. పిల్లకు లెక్కల్లో తొంభై వస్తే "మా నాయిన మగ్గం మీద నోటిలెక్క జేసెటోడు" అనేది వెంకటవ్వ. అరవై వస్తే సంతోషి వైపు చూసేది. మాట కూడా ఖర్చు పెట్టేది కాదు.

వెంకటవ్వకు తండ్రి మగ్గం గురించి చెప్పడమంటే ప్రాణం. "నేను పక్కన కూసుంటేనే మా నాయినకు మగ్గం నడిచేది. ఎర్రది అందియ్యి బిడ్డా, పచ్చది అందియ్యి బిడ్డా అనెటోడు. నూలు కండెలన్ని నేనే అందిద్దును. నన్ను విడిచి ఒక్క గడియ ఉండకపోతుండె" అని కళ్లు తుడుచుకునేది. ఆ కథ సంతోషి మూడు వందల సార్లు విన్నది. మూడు వందల సార్లూ చపాతీలు ఒత్తుతూనే విన్నది.

నెల క్రితం ఈ వంశశాస్త్రానికి పెద్ద పని పడింది. మిల్లులో రంగులు సరిచూసే షేడ్ సెక్షన్‌కు ట్రైనీలు కావాలన్నారు. ఉదయ్‌కిరణ్ వెళ్లాడు. మాస్టరు కొడుకు కదా, సీటు వాడిదేనని అందరూ అనుకున్నారు. ఫారం నింపేముందు ఒక చుక్కల పుస్తకం ముందు పెట్టారు. రంగు రంగుల చుక్కల్లో ఒక అంకె దాగి ఉంటుంది, అది చదవాలి. మొదటి పేజీ చదివి, తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఇంకేమీ లేవని వాడు చాలా నిజాయితీగా చెప్పాడు. ఎరుపూ ఆకుపచ్చా వాడి కంటికి ఒకేలా ఉంటాయని తేలింది. నింపని ఫారం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ ఫారం టీవీ కింద పడి ఉంది.

ఆ సాయంత్రం తీర్పు వచ్చేసింది. మిల్లు డాక్టరు, "కొడుక్కి ఇది తల్లి నుంచే వస్తది" అన్నాడట. పరుశురాం ఆ మాటను తు.చ. తప్పకుండా మోసుకొచ్చి ఇంటి మధ్యలో దింపాడు. సంతోషి నాన్న మిరపచేనులో ఏది పండిందో ఏది పచ్చిదో ప్రతిసారీ భార్యను పిలిచి అడిగేవాడన్న సంగతి పాపం సంతోషే ఎప్పుడో ముచ్చటగా చెప్పింది. ఇప్పుడది సాక్ష్యమైంది.

"సూసినవారా? మాస్టరు ఇంట్ల గుడ్డికన్ను! మా ఇంట ఏడు తరాలల్ల లేదు" అంది వెంకటవ్వ.

"నువ్వు తెచ్చిన కట్నమే గిది. నా పేరు మిల్లుల ఖరాబైంది" అన్నాడు పరుశురాం.

డాక్టరు చెప్పింది నిజమే కాబట్టి సంతోషి తల వంచుకుంది. నెల రోజులుగా కొడుకు కంచంలో ఒక ముద్ద ఎక్కువ వడ్డిస్తోంది, క్షమాపణ లాగా. ఉదయ్‌కిరణ్ ఇప్పుడు ఒక చీరల గోడౌన్‌లో అట్టపెట్టెలు కడుతున్నాడు. పెట్టెలన్నీ ఒకే రంగు.

*

శనివారం మధ్యాహ్నం వర్షిణి స్కూలు నుంచి వచ్చింది. పన్నెండో తరగతి, సైన్సు. బయాలజీ టీచరు ఎవరింటి వంశవృక్షం వాళ్లను గీసుకు రమ్మంది. ఆడవాళ్లు గుండ్రాలు, మగవాళ్లు చతురస్రాలు. వర్షిణి పాత క్యాలెండరు కాగితం వెనక గీస్తూ నాయనమ్మ ముందు కూర్చుంది.

"నానమ్మా, మీ చెవి తమ్మెలు అతుక్కుని ఉన్నయా, వేలాడుతున్నయా?"

"మాయి అన్ని మంచిగనే ఉన్నయి. మీ అమ్మమ్మ తరపోల్లయి చూస్కో."

"అరే, మంచి చెడ్డ కాదు నానమ్మా, ఖాలీ ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి! ముక్కు, ఎత్తు, జుట్టు, బ్లడ్ గ్రూపు, ఇవన్నీ ఇరవై రెండు జతల మీద ఉంటయి. ఆటోజోమ్స్ అంటరు. ప్రతి జతల ఒకటి మమ్మీది, ఒకటి పప్పాది. బరాబర్ ఆధా ఆధా. అందుకని ముక్కు మొత్తం నీదే అనద్దు."

"సగం ముక్కు ఎట్లొస్తదే పిచ్చిదానా?" అంది వెంకటవ్వ. ఇంట్లో ఆ నెలలో అందరూ నవ్విన ఒకే ఒక్క నిమిషం అది. పరుశురాం కూడా నవ్వాడు. అన్నం తింటూ, నోట్లో ముద్ద పెట్టుకుని.

నవ్వు ఇంకా ఆరకముందే వర్షిణి మామూలుగా అనేసింది. "ఇంకొకటి. టీచర్ ఈరోజు క్లాసుల చుక్కల పుస్తకం చూపించింది. అన్నయ్య లెక్కనే నాకు గూడ కనబడలేదు. నలభై మందిల నేనొక్కదాన్నే. ఆడపిల్లలకు ఇది చాన తక్కువ వస్తదంట. టీచర్ ఫోటో దిగింది నాతోని."

వెంకటవ్వ లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు.

"అయిపాయె! పిలగాని కన్నులు తిన్నది, పిల్ల కన్నులు తిన్నది. ఎసొంటి కడుపమ్మా నీది?"

సంతోషి చేతిలో పెరుగు గిన్నె ఉంది. కింద పెట్టాలో, వడ్డించాలో తెలియలేదు. మొగుడి వైపు చూసింది. కొడుకు విషయంలో ఇంటి కప్పు ఎగిరేలా అరిచినవాడు ఇప్పుడు ఒక్క మాటా అనలేదు. కంచంలో సగం అన్నం ఉండగానే చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిట్టే అవకాశం వచ్చి తిట్టకుండా వెళ్లిన పరుశురాంను ఆమె పెళ్లయ్యాక మొదటిసారి చూసింది. తిడితే ఇంత భయం వేసేది కాదు.

వంటింట్లోకి వెళ్లి పప్పు ఏరుతూ కూర్చుంది. కళ్లు మసకబారి రాయి ఏదో పప్పు ఏదో తెలియడం లేదు. వర్షిణి క్యాలెండరు కాగితం పట్టుకుని వెనకే వచ్చింది.

"మమ్మీ, ఏడ్వకు. సున్ తో, విను. నీ ఒక్కదాని వల్ల కాదు ఇది."

"డాక్టరే చెప్పిండు గదా బిడ్డా."

"డాక్టర్ అన్నయ్య గురించి చెప్పిండు. నా గురించి కాదు. చూడు." వర్షిణి రెండు కందిపప్పు గింజలు తీసి పళ్లెంలో పెట్టింది. "ఇరవై రెండు జతలు అందరికి ఒక్క తీరే. ఇరవై మూడో జత వేరే. ఆడోళ్లకు రెండు ఎక్స్‌లు. మగోళ్లకు ఒకటే ఎక్స్, ఇంకోటి వై. రంగులు చూసే జీన్ ఎక్స్ మీదనే ఉంటది. అన్నయ్యకు పప్పా వై ఇచ్చిండు, నువ్వు ఎక్స్ ఇచ్చినవ్. నీకున్న రెండింట్ల ఒకటి ఖరాబ్. వానికి ఆ ఖరాబ్‌దే వచ్చింది. ఇంకోటి లేదు కాబట్టి వానికి రంగులు లేవు."

"మరి నాకు మంచిగనే కనవడ్తయి గదా?"

"నీకు రెండోది మంచిగుంది, అది చూసుకుంటది. ఇప్పుడు నేను. నాకు రెండు ఎక్స్‌లు. ఒకటి నువ్వు ఇచ్చినవ్. ఇంకోటి పప్పా ఇచ్చిండు. రెండు ఖరాబ్ అయితేనే నాకు ఇట్ల అయితది. ఒక్కటి మంచిగున్నా నీ లెక్క అన్ని రంగులు కనబడేటివి."

సంతోషి రెండు గింజల వైపూ చూసింది. ఒకటి తను ఇచ్చింది. రెండోది పరుశురాం ఇచ్చింది.

"పప్పాకు ఉన్నదే ఒక్క ఎక్స్" అంది వర్షిణి మెల్లగా. "అదే నాకు ఇచ్చిండు. అది ఖరాబ్‌ది అయితే..."

బయట గదిలో వెంకటవ్వ ఇంకా తిడుతూనే ఉంది. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. సంతోషి పళ్లెంలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది, ఆ గింజ చెయ్యి కాల్చినట్టు.

ఇరవై ఒక్క ఏళ్లు ఆమె కళ్ల ముందు బాల్కనీ గోడ మీద చిందీల్లా వరసగా పరుచుకున్నాయి. మార్కెట్‌కు పంపితే ప్రతిసారీ పచ్చి టమాటాలు తెచ్చేవాడు. అరిస్తే, "కూరగాయలు ఆడోళ్ల పని, నాకెందుకు చెప్తవ్?" అని ఆ పని నుంచి శాశ్వతంగా రిటైర్ అయ్యాడు. మాంసం ఉడికిందో లేదో చూడమంటే రంగు చూసేవాడు కాదు, వేలు పెట్టేవాడు. మిల్లు లైటు అబద్ధం చెప్తుంది. పొద్దటి ఎండ నిజం చెప్తుంది. కాదు. పొద్దటి ఎండలో నిలబడి తను చెప్తుంది. చూద్దాం నీకు పట్టుబడిందో లేదో అన్న ప్రతి పొద్దూ అతను చూసింది ముక్కల్ని కాదు, ఆమె నోటిని. అది పరీక్షే, ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియని పరీక్ష.

ఆ చిందీలన్నిటి కింద ఒకటి పాతది ఉంది. పెళ్లిచూపులప్పటిది. వెళ్తూ వెళ్తూ పరుశురాం, "ఆకుపచ్చ చీరల మంచిగున్నవ్" అన్నాడు. ఆ రోజు సంతోషి కట్టుకున్నది ముదురు ఎరుపు చీర. ఆకుపచ్చ చీర కట్టుకుని పళ్లెం పట్టుకొచ్చింది పిన్ని కూతురు హారతి. అప్పటి నుంచి హారతి పేరెత్తితే సంతోషి కూరలో కారం ఎక్కువ పడుతుంది. హారతి పెళ్లికి తలనొప్పని వెళ్లలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఒక ఎక్స్ మీద అసూయ పడుతూ కాపురం చేసిందన్నమాట.

"ఇంకొకటి ఉంది మమ్మీ" అంది వర్షిణి, బయటి గది వైపు తల తిప్పుతూ. "పప్పాకు ఆ ఎక్స్ తాత ఇయ్యలే. తాత వై ఇచ్చిండు. ఎక్స్ ఇచ్చింది..."

"తెల్సు" అంది సంతోషి. ఎర్రది అందియ్యి బిడ్డా, పచ్చది అందియ్యి బిడ్డా. మూడు వందల సార్లు విన్న కథ ఇప్పుడు మొదటిసారి వినిపించింది. "నోరు మూస్కో. నానమ్మకు చెప్పకు."

ఎందుకు చెప్పొద్దందో ఆమెకే తెలియదు. నెల రోజుల తిట్లకు ఒక్క మాటతో బదులు చెప్పగల ఆయుధం చేతికొచ్చింది. దాన్ని పప్పుడబ్బాలో పెట్టి మూత బిగించింది.

*

ఆదివారం పొద్దున ఉదయ్‌కిరణ్ ఇంకో కబురు తెచ్చాడు. నిన్న సాయంత్రమే మిల్లు గేటుకు నోటీసు పెట్టారట. విదేశాల నుంచి పెద్ద వ్యాపారి వస్తున్నాడు, అతని షరతు ప్రకారం సోమవారం తొమ్మిదిన్నరకు షేడ్ సెక్షన్‌లో అందరికీ చుక్కల పుస్తకం. పాతవాళ్లకూ, కొత్తవాళ్లకూ, మాస్టర్లకూ. తప్పినవాళ్లు ఆ సెక్షన్‌లో ఉండరు.

ఎనిమిదీ పదికి ఎండ ఆఫీసరుగారు బాల్కనీలోకి దిగారు. పరుశురాం చేతిలో ఈరోజు చిందీలు లేవు. ఆ చుక్కల పుస్తకానికి నిన్న రాత్రే తీయించిన రంగుల జిరాక్సు కాగితాల కట్ట ఉంది. వెంకటవ్వ స్టూలు మీద మోకాళ్లు ఎండకు పెట్టుకుని కూర్చుంది. అతను గొంతు సవరించుకున్నాడు. గొంతు బాగానే ఉంది.

"ఏమే, ఇటురా. పిల్ల ప్రాజెక్టుకు పనికొస్తదని తెచ్చిన. గివి చుక్కలు. ఏ పేజీల ఏ నంబరున్నదో వరసగ రాసియ్యి. చూద్దాం, నీకు ఎంత కనవడ్తదో."

సంతోషి కాగితాలు అందుకుంది. మొదటి పేజీ పన్నెండు. రెండో పేజీలో ఎనిమిది. మూడో పేజీలో ఆరు. ఎండలో అంకెలు నిప్పుల్లా వెలుగుతున్నాయి. పెన్సిలు కూడా అతనే చెక్కి తెచ్చాడు. ఇరవై ఒక్క ఏళ్లలో పెళ్లాం కోసం అతను చెక్కిన మొదటి పెన్సిలు.

రాయడానికి రెండు నిమిషాలు చాలు. రాస్తే రేపు అతను ఆ వరస బట్టీ పట్టుకెళ్లి గెలుస్తాడు. ఎల్లుండి మళ్లీ ఈ గోడ మీద చిందీలు పరిచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. ఆమె కాగితాలు తిరిగి అతని చేతిలో పెట్టి, పెన్సిలు తన దగ్గరే ఉంచుకుంది.

"ఇయ్యాల నువ్వు చదువు. నేను రాస్త."

పరుశురాం ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. వెంకటవ్వ కూడా తిరిగి చూసింది. అతను మొదటి పేజీ ఎత్తి పట్టుకుని గట్టిగా, ఎదురు బిల్డింగుకు వినిపించేలా చదివాడు.

"పన్నెండు!"

ఆ పేజీ అందరూ చదవగలరని, అది అందుకే పెడతారని వర్షిణి చెప్పింది. సంతోషి పన్నెండు రాసింది. "తర్వాత?"

రెండో పేజీ. అతను దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టాడు. పక్కకు వంచాడు.

"ఎండ మొఖం మీద పడుతుంది" అన్నాడు.

"ఎండ నిజం చెప్తదంటివి గద."

"కండ్లద్దాలు తెచ్చుకోలే."

"నీకు అద్దాలు లేవు."

వెంకటవ్వ స్టూలు మీంచి ముందుకు వంగింది. "ఏందిరా, గింత పెద్ద ఎనిమిది కనవడ్తలేదా? నాకే కనవడ్తుంది, డెబ్బై ఏండ్లదాన్ని." ఆ మాట అనేసి ఆగిపోయింది. కొడుకు ముఖం చూసింది. బాల్కనీ గుమ్మంలో నిలబడ్డ మనవరాలి ముఖం చూసింది. ముసలావిడ మనసు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో గానీ, చిన్నపిల్ల గొంతుతో అడిగింది.

"వర్షిణీ... మా నాయినకు గూడ గంతేనా? గందుకేనా నన్ను పక్కన కూసోవెట్టుకున్నది?"

వర్షిణి అమ్మ వైపు చూసింది. సంతోషి చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వర్షిణి తల ఊపింది. వెంకటవ్వ మోకాళ్ల మీద చీర సర్దుకుని ఎండ వైపు తిరిగి కూర్చుంది. ఏడు తరాల లెక్క అక్కడితో ఆగిపోయింది.

"ఎప్పటిసంది తెల్సు?" అన్నాడు పరుశురాం, గొంతు తగ్గించి.

"నిన్నటిసంది. నీకు?"

"పెండ్లికి ముందుసంది." కాగితాలు మడిచాడు. "హెల్పర్‌గ చేరినప్పుడు ఒకడు నవ్విండు. అప్పటిసంది ఎవ్వనికి చెప్పలే. రంగు డబ్బాల నంబర్లు చూసి కలుపుడు నాకొస్తది. చూసుడే రాదు."

"ఎర్కైన మనిషివి, నెల రోజులసంది నన్నెందుకు తిట్టినవ్?"

పరుశురాం మడిచిన కాగితాలను మళ్లీ మడిచాడు. ఎదురు బిల్డింగులో ఎవరో కుక్కర్ మూడో విజిల్ దాకా పెట్టారు.

"పెండ్లిచూపులల్ల ఆకుపచ్చ చీర అన్నవ్."

"మరి నువ్వు కట్టుకున్నది ఆకుపచ్చది కాదా?" అన్నాడు పరుశురాం, నిజంగా ఆశ్చర్యపోతూ.

సంతోషికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ద్వారం దగ్గర ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు. ఇంకొక్కటి మాత్రం అడిగింది. ఇన్నాళ్లూ అడగడం మానేసినది.

"ఇన్నేండ్లు పరీక్ష వెట్టినవ్ గద. నాకు ఎన్ని మార్కులొచ్చినయి?"

పరుశురాం గోడ వైపు చూశాడు, అక్కడ ముక్కలు పరిచి ఉన్నట్టు.

"ఒక్క పార్టీ గూడ మాల్ వాపస్ చెయ్యలే" అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి తప్పుపోలే నీది."

ఎండ వెళ్లిపోయింది. బట్టలు ఆరలేదు.

*

ఇప్పుడు సోమవారం పొద్దున ఎనిమిదీ పది దాటింది. నిన్న మధ్యాహ్నమే సంతోషి టీవీ కింద నుంచి కొడుకు నింపని ఫారం తీసి దుమ్ము దులిపింది. కొట్టేయాల్సింది ఏమీ లేదు, వాడు పేరు కూడా రాయలేదు. ట్రైనీ, షేడ్ సెక్షన్. పేరు సంతోషి. చదువు పదో తరగతి. అనుభవం ఎంత అన్నచోట వర్షిణి 'ఏమీ లేదు' అని రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఇరవై ఒక్క ఏళ్లు అని తనే రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి గానీ గడి దాటలేదు. తొమ్మిదిన్నరకు చుక్కల పుస్తకం ముందు ఆమె కూడా కూర్చుంటుంది. అది తేలిపోయింది. దాని మీద ఎవరి సలహా అక్కర్లేదు. అత్తగారు పొద్దున్నే, "గా ఎర్రచీర కట్టుకపో" అంది. ఆ ఇంట్లో అది ఆశీర్వాదమో, అలవాటుగా పెట్టిన ఆజ్ఞో ఇంకా తేలలేదు.

తేలనిది ఇంకొకటి ఉంది. కందిపప్పు డబ్బాలో మడత పెట్టిన కాగితం ఉంది. అన్ని పేజీల అంకెలూ అందులో వరసగా ఉన్నాయి. నిన్న వంట చేస్తూ చేస్తూ, అతను బాల్కనీలో వదిలేసిన పేజీలు చూసి, చెయ్యి ఊరుకోక, రాసి పెట్టింది. పరుశురాం స్నానం చేసి, తల దువ్వుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకోలేదు. అడగడం లేదు, వెళ్లడం లేదు. ఇరవై ఒక్క ఏళ్లలో మొదటిసారి 'చూద్దాం' అనకుండా నిలబడ్డాడు. కింద ఉదయ్‌కిరణ్ ఆటో ఆపి హారన్ కొట్టిస్తున్నాడు. కాగితం ఇస్తే మాస్టరు మాస్టరుగానే ఉంటాడు, ఆమె అతని కిందే ట్రైనీగా చేరి, ఈ బాల్కనీలో చెప్పిందే మిల్లులోనూ చెప్తుంది, పేరు అతనిది. ఇవ్వకపోతే అతను శేఠ్ ముందు, నవ్వే హెల్పర్ల ముందు, రెండో పేజీ దగ్గర ఆగిపోతాడు. ఆ నవ్వు ఆమె కొడుకు నెల క్రితం ఒకసారి విన్నాడు. శేఠ్‌కు నువ్వే చెప్పు అని నిన్న ఆమె అంటే, "నోరు రాదు" అన్నాడు పరుశురాం. ఆ నోరు తిట్టడానికి ఎంత సులువుగా వచ్చేదో ఆమెకు గుర్తుంది. కాగితం రాసిన చెయ్యి తనదేనని కూడా గుర్తుంది.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరు కండెలు అందిస్తూనే ఉంటారు, మీకు తెలియకుండా పోదు. ఆమె చెయ్యి డబ్బా మూత మీద ఉంది. తియ్యమంటారా, వద్దంటారా? మీరైతే ఏం చేసేవారో దయచేసి చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి. ఎనిమిదీ నలభైకి ఎండ వెళ్లిపోతుంది.